అబద్ధమాడని కొండ

“బట్టలన్నీ తీసేసి, ముక్కూ మొహం తెలియని వాళ్లతో కలిసి స్నానమా? నేను రాను గాక రాను!”

ఇది మా అమ్మ మాట. పోయిన వేసవి సెలవుల్లో అమ్మను వెంటబెట్టుకుని ఇండియా నుంచి అమెరికా తిరిగి వస్తూ, దారిలో జపాన్‌లో కొన్ని రోజులు ఆగాం. పిల్లలకు టోక్యో చూడాలని సరదా. మా ఆవిడకు అత్తగారి మోకాళ్లకు వేడినీళ్ల కాపడం దొరికితే బాగుండునని ఆశ. నాకేమో ఆఫీసు ఫోను మోగని చోటు ఎక్కడున్నా సరే. ఈ ముగ్గురి కోరికలనూ కలిపి చూస్తే తేలింది ఉత్తరాన హొక్కైడో దీవిలో ఉన్న తోయా సరస్సు. ఆ ఒడ్డునే తోయాకో ఓన్సెన్ అనే వేడినీళ్ల ఊరు ఉంది. ‘కో’ అంటే సరస్సు, ‘ఓన్సెన్’ అంటే వేడినీటి బుగ్గ. అక్కడ రెండు రాత్రులు ఉన్నాం.

వేడినీళ్ల కోసం వెళ్లిన మాకు అక్కడ ఒక కొండ కథ దొరికింది. మన బడి పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు కూడా తెలుసుకోవలసిన కథ అనిపించి ఇలా రాస్తున్నాను.

ముందు సరస్సు, వెనక కొండ

తోయా సరస్సు ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది. తూర్పు పడమరలు 11 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలు 9 కిలోమీటర్లు. నడుమ నకాజిమా అనే పచ్చటి దీవి. లోతు దాదాపు 180 మీటర్లు. చుట్టుపక్కలంతా మంచు పేరుకుపోయే చలికాలంలో కూడా ఈ సరస్సు గడ్డకట్టదు. ‘తోయా’ అన్న పేరు హొక్కైడో ఆదివాసులైన ఐనూల భాష నుంచి వచ్చింది. సరస్సు ఒడ్డు అని అర్థం.

మేమున్న హోటలు గదిలోంచి చూస్తే సరస్సు, దీవి, వాటికి ఆవల యోతెయి పర్వతం కనిపించేవి. ఎత్తు 1,898 మీటర్లు. అచ్చం ఫుజీ పర్వతంలాగే ఉంటుంది కాబట్టి దాన్ని ‘ఎజో ఫుజీ’ అని కూడా పిలుస్తారు. ఎజో అంటే హొక్కైడోకు పాత పేరు. జూన్ నెలలో కూడా శిఖరం మీద మంచు చారలున్నాయి. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే కదలబుద్ధి కాదు.

2008 జులైలో జి-8 దేశాధినేతల సమావేశం ఈ సరస్సు పక్కనే జరిగింది. అప్పటి మన ప్రధాని మన్మోహన్ సింగ్ గారు కూడా ఆహ్వానితులుగా వెళ్లారు.

అయితే వచ్చిన వాళ్లందరూ చూసేది ముందున్న సరస్సునీ, దూరాన ఉన్న ఆ అందమైన పర్వతాన్నీ. ఊరి కథ మాత్రం వెనక్కి తిరిగితే కనిపించే కొండలో ఉంది. దాని పేరు ఉసు. ఎత్తు 730 మీటర్ల పైచిలుకు, అంతే. చూడటానికి మామూలుగా ఉంటుంది. అది బతికున్న అగ్నిపర్వతం. 1663 నుంచి లెక్కవేస్తే చాలాసార్లు బద్దలైంది. ఇరవయ్యో శతాబ్దంలోనే నాలుగు సార్లు: 1910లో, 1943 నుంచి 1945 దాకా, 1977-78లో, చివరిగా 2000లో.

నీళ్లు ఎందుకు వేడెక్కుతాయి?

మా అబ్బాయి అయిదో తరగతి. వచ్చిన పూటే అడిగాడు, “నాన్నా, కింద హీటరు ఎవరు పెట్టారు?” అని.

ప్రశ్న మంచిదే. వాన నీరు నేలలోకి ఇంకుతుంది. రాళ్ల పగుళ్లలోంచి కిందికి, ఇంకా కిందికి దిగుతుంది. అక్కడ వేడెక్కుతుంది. వేడెక్కిన నీరు తేలికవుతుంది కాబట్టి మరో దారి చూసుకుని పైకి వస్తుంది. ఇంతవరకు అన్ని వేడినీటి బుగ్గలకూ ఒకటే కథ. తేడా అంతా ఆ వేడి ఎక్కడిది అన్న దాంట్లో ఉంది.

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్ ఊరు మనలో చాలామంది చూసే ఉంటారు. అక్కడి నీరు 143 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడితో వస్తుంది. అక్కడ అగ్నిపర్వతమేమీ లేదు. భూమిలోకి లోతుగా పోయేకొద్దీ రాళ్లు సహజంగానే వేడిగా ఉంటాయి. దాదాపు 4,000 ఏళ్ల కిందట కురిసిన వాన నీరు మెల్లగా ఆ లోతుకు దిగి, వేడెక్కి, భూమిలోని చీలికల గుండా త్వరగా పైకొస్తోంది. మన గోదావరి లోయలో కూడా ఇంతే. భద్రాచలం దగ్గర గుండాలలో నది ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది. మణుగూరు మండలంలో పగిడేరు దగ్గర బోరులోంచి ఉబికే వేడినీటితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రాన్ని ప్రయోగాత్మకంగా పెట్టింది.

తోయా సంగతి వేరు. ఇక్కడ పొయ్యి దగ్గరలోనే ఉంది. సుమారు 1,10,000 ఏళ్ల కిందట బ్రహ్మాండమైన పేలుడు జరిగి, భూమిలోని శిలాద్రవం బయటికి పోయి, పైనున్న నేల కుంగిపోయింది. ఆ గుంటలో నీళ్లు నిండి సరస్సయింది. ఎల్లోస్టోన్ చూసిన పిల్లలకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడి పెద్ద సరస్సులో కొంత భాగం కూడా అలా కుంగిన గుంటలోనే ఉంది. తోయాలో గుంట అంచున తర్వాత ఎప్పుడో పుట్టిందే ఉసు కొండ.

1910లో ఉసు ఉత్తరపు వాలున, అంటే సరస్సు వైపున, బద్దలైంది. శిలాద్రవం నేలను పైకి నెట్టి కొత్త గుట్టను లేపింది. ఏడేళ్ల తర్వాత, 1917లో, ఒడ్డున వేడినీళ్లు ఊరుతున్నట్టు ముగ్గురు స్థానికులు కనుక్కున్నారు. 43 డిగ్రీల సెల్సియస్, అంటే 109 డిగ్రీల ఫారెన్‌హీట్. సరిగ్గా మన ఇళ్లలో తలంటుకు కాచుకునే నీళ్ల వేడి. ఆ తర్వాతే సత్రం వచ్చింది, హోటళ్లొచ్చాయి, ఊరొచ్చింది. కొండ పేలకపోతే ఆ ఊరే లేదన్నమాట.

స్నానానికీ ఒక పద్ధతి

జపాన్‌లో వేడినీటి బుగ్గలంటే ఎంత పట్టింపో చెప్పడానికి ఒక్క మాట చాలు. వాటికోసం 1948లో ప్రత్యేకంగా చట్టమే చేసుకున్నారు. నేలలోంచి వచ్చే నీరు 25 డిగ్రీల సెల్సియస్ అయినా ఉండాలి, లేదా చట్టంలో రాసిన 19 పదార్థాలలో ఏదో ఒకటి తగినంత ఉండాలి. అప్పుడే దాన్ని ఓన్సెన్ అనాలి. బట్టలు మార్చుకునే గదిలో ఆ నీటి పరీక్షా ఫలితాలు గోడకు పెట్టి ఉంటాయి. ఇంజనీరునయ్యాను కదా, స్నానం మాని అది చూస్తూ నిలబడ్డాను. ఒక్క ముక్క చదవడం రాదు, అంకెలు తప్ప.

గుమ్మానికి గుడ్డ తెరలు వేలాడుతుంటాయి. ఆడవాళ్లకు ఎక్కువగా ఎరుపు, మగవాళ్లకు నీలం. లోపలికి వెళ్లాక చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లంతా శుభ్రంగా తోముకోవాలి. సబ్బు నురగంతా పోయాకే తొట్టిలో దిగాలి. తొట్టి ఒళ్లు కడుక్కోవడానికి కాదు, ఊరికే కూర్చోవడానికి. జుట్టు నీళ్లలో పడకూడదు. చిన్న తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, అందుకే మడిచి నెత్తిన పెట్టుకుంటారు. ఈత కొట్టకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. స్నానపు దుస్తులు కూడా వేసుకోకూడదు. మా అమ్మ అభ్యంతరం అక్కడే.

మా అబ్బాయికి మొదట ఇదంతా వింతగా తోచింది. “స్నానానికి ముందు స్నానమేంటి నాన్నా?” అన్నాడు. వాడికి అమ్మే జవాబు చెప్పింది. “కోనేట్లో దిగేముందు కాళ్లు కడుక్కోమూ? అందరూ వాడుకునే నీళ్లురా అవి. మన మురికి తెచ్చి వాళ్లకు పెడతామా?” జపాను ఎప్పుడూ చూడని మనిషి జపాను వాళ్ల పద్ధతిని ఒక్క ముక్కలో చెప్పేసింది.

సిగ్గుపడే వాళ్లకు దారులు లేకపోలేదు. సరస్సు గట్టు పొడుగునా ‘ఆషియు’లు, అంటే కాళ్లు పెట్టుకునే వేడినీటి తొట్లు ఉన్నాయి. చేతులు ముంచుకునేవి కూడా ఉన్నాయి. డబ్బులేమీ అక్కర్లేదు. మొదటి సాయంత్రం అమ్మ చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, నీళ్లలో కాళ్లు పెట్టి, సరస్సు చూస్తూ గంటసేపు కదలకుండా కూర్చుంది. పక్కన కూర్చున్న ఒక జపాను ముసలావిడ నవ్వి తల ఊపింది. అమ్మ కూడా తల ఊపింది. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు మోకాళ్ల గురించే మాట్లాడుకున్నారని నా అనుమానం.

మరునాడు మా ఆవిడ హోటలులో గంట లెక్కన అద్దెకిచ్చే విడి స్నానాల గది మాట్లాడి అత్తగారిని ఒప్పించింది. బయటికి వచ్చాక అమ్మ తీర్పు ఇది: “మోకాళ్ల సంగతేమో గానీ, ఈ రాత్రి నిద్ర మాత్రం బాగా పడుతుంది.”

దారాలతో కొండను కొలిచిన పోస్టుమాస్టరు

వేడినీళ్లు కనుక్కున్న ముగ్గురిలో ఒకాయన పేరు మిమత్సు మసావో. 1888లో పుట్టాడు. ఉసు పక్కనున్న సోబెత్సు అనే చిన్న ఊళ్లో పోస్టాఫీసు నడిపేవాడు. 1910లో కొండ పేలినప్పుడు పరిశోధనకు వచ్చిన శాస్త్రవేత్తలకు సాయంగా తిరిగి, అగ్నిపర్వతాల మీద ఆసక్తి పెంచుకున్నాడు. ఆయన చదివిన డిగ్రీలేమీ లేవు.

1943 డిసెంబరులో మళ్లీ భూకంపాలు మొదలయ్యాయి. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. జనం బెంబేలు పడతారని ప్రభుత్వం ఈ కబురు బయటికి పొక్కనివ్వలేదు. శాస్త్రవేత్తలు వచ్చే వీలు లేదు, పరికరాలు లేవు, సరైన కాగితం కూడా దొరకని రోజులు. ఇటు చూస్తే గోధుమ చేల మధ్యన నేల ఉబ్బుతోంది! ఇళ్లు, పొలాలు, దారులు అన్నీ పైకి లేస్తున్నాయి.

పోస్టుమాస్టరు ఏం చేశాడో చూడండి. పోస్టాఫీసు వెనక గుంజలు పాతి, వాటి మధ్య అడ్డంగా దారాలు కట్టాడు. గడ్డం ఆనించుకోవడానికి ఒక చోటు స్థిరంగా పెట్టుకున్నాడు. ప్రతిసారీ అక్కడే గడ్డం పెట్టి, దారాల మధ్య నుంచి చూస్తూ, కొండ అంచు ఏ దారం దాకా వచ్చిందో కాగితం మీద గీసేవాడు. మన పిల్లల ఎత్తు గోడ మీద పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ రాస్తామే, అలాగన్నమాట. 1945 సెప్టెంబరు నాటికి కొత్త కొండ ఎదగడం ఆగిపోయింది. చదునైన చేలలోంచి రెండు వందల మీటర్లకు పైగా లేచింది. నాలుగు చార్మినార్‌లు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో అంత. దానికి షోవా షిన్‌జాన్ అని పేరు పెట్టారు. షోవా చక్రవర్తి కాలపు కొత్త కొండ అని అర్థం.

1948లో నార్వే దేశపు ఓస్లో నగరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఈ బొమ్మలు చూపించారు. ఒక అగ్నిపర్వతం పుట్టుక నుంచి ఎదుగుదల ఆగేదాకా ఇంత వివరంగా ఎవరూ నమోదు చేయలేదని శాస్త్రవేత్తలు మెచ్చుకున్నారు. ఈనాటికీ దాన్ని ‘మిమత్సు రేఖాచిత్రం’ అనే అంటారు.

అంతేకాదు. 1946లో ఆయన తన సొంత డబ్బుతో ఆ కొండను కొనేశాడు. పొలాలు పోగొట్టుకున్న రైతులకు నాలుగు డబ్బులు చేతికొస్తాయి, కొండను ఎవరూ తవ్వి పాడుచేయకుండానూ ఉంటుంది. ఇప్పుడు కొండ కింద ఆయన విగ్రహం, చిన్న స్మారక మందిరం ఉన్నాయి. కొండ మీద ఇప్పటికీ అక్కడక్కడా ఆవిర్లు లేస్తుంటాయి.

2000 మార్చిలో ఏం జరిగింది?

ఉసు శిలాద్రవం చాలా చిక్కనిది. లేత పాకం గరిటె నుంచి జారిపోతుంది, ముదురు పాకం కదలనని మొరాయిస్తుంది కదా. అలాగే ఈ చిక్కటి ద్రవం తేలిగ్గా పైకి రాలేదు. రాళ్లను పగలగొట్టుకుంటూ రావాలి. అందుకే పేలేముందు నేల కంపిస్తుంది. 1910లో కొన్ని రోజుల ముందు, 1977లో ముప్ఫై గంటల పైచిలుకు ముందు, ప్రతిసారీ మనుషులకు తెలిసేలా భూకంపాలు వచ్చాయి. అందుకే దాన్ని అక్కడ ‘అబద్ధమాడని కొండ’ అంటారు.

కొండ నిజం చెబితే చాలదు, వినేవాళ్లుండాలి. 1822లో పేలినప్పుడు నిప్పుల మేఘం దూసుకొచ్చి అబుత అనే ఊరును కాల్చేసింది. ఎంతోమంది పోయారు. 1910లో మాత్రం ఒక పోలీసు అధికారి శాస్త్రవేత్తల మాట పట్టుకుని పేలుడుకు ముందే జనాన్ని ఖాళీ చేయించాడు. 1977 పేలుడు తర్వాత, 1978లో వానలకు కొండ మీది బూడిద బురదై ఊళ్లోకి వచ్చి మళ్లీ ప్రాణాలు తీసింది. ఆ తర్వాత కూడా ప్రమాదం గురించి బాహాటంగా మాట్లాడటం చాలామందికి ఇష్టం లేకపోయింది. కొండ పేలుతుందని చెబితే టూరిస్టులెవరు వస్తారు? అయినా హొక్కైడో విశ్వవిద్యాలయంలో ఉసును కనిపెట్టి చూసే ఒకాదా హిరోము వంటి ఆచార్యులు ఊరివాళ్లకూ, పిల్లలకూ పదే పదే చెబుతూనే ఉన్నారు. 1995లో ఏ ప్రాంతానికి ఏ ముప్పు ఉందో చూపించే పటం అచ్చువేసి ఇంటింటికీ పంచారు.

2000 మార్చి 27 నుంచి నేల కంపించసాగింది. 29న వాతావరణ సంస్థ, కొద్ది రోజుల్లో పేలే అవకాశం ఉందని ప్రకటించింది. జనం కదిలారు. పదివేల మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. 31వ తేదీ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక కొండ పడమటి పాదం దగ్గర బద్దలైంది. మరునాడు ఊరిని ఆనుకునే కొత్త బిలాలు తెరుచుకున్నాయి. ఇళ్లు పోయాయి, రోడ్డు పోయింది. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఆ శిథిలాలను పూర్తిగా తీసేయకుండా కొన్నిటిని అలాగే ఉంచారు. బిలాల పక్కగా కాలిబాటలు వేశారు, మేము నడిచాం. జాతీయ రహదారి ఒకటి నేల ఉబ్బడంతో మెట్లుమెట్లుగా విరిగిపోయి ఉంది. వేడి బురదలో కొట్టుకొచ్చిన వంతెన ఒక అపార్ట్‌మెంటుకు గుద్దుకున్న చోటు ఉంది. ఊరి ఉమ్మడి స్నానశాల బురదలో కూరుకుపోయి ఉంది. ఇంకోచోట చిన్నపిల్లల బడి. పైకప్పుకు రాళ్లు పడిన బెజ్జాలు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఆ కిటికీలోంచి లోపలికి చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పిల్లలు అప్పటికే వెళ్లిపోయారు కదా నాన్నా?” అని అడిగింది. వెళ్లిపోయారమ్మా, అన్నాను.

2000 తర్వాత ఇప్పటికి పాతికేళ్లు దాటాయి. ఈ కొండ ఇరవై, ముప్ఫై ఏళ్లకోసారి లేస్తుంది. ఊళ్లోవాళ్లకు అది తెలుసు. అందుకే పిల్లలను షోవా షిన్‌జాన్ ఎక్కించి పాఠం చెబుతారు. ‘అగ్నిపర్వత మెయిస్టర్లు’ అని స్థానికులకే శిక్షణనిచ్చి, పరీక్ష పెట్టి, కథను తర్వాతి తరానికి అందించే పని అప్పగిస్తున్నారు. 2009లో యునెస్కో ఆధ్వర్యంలోని ప్రపంచ భూవారసత్వ ఉద్యానాల జాబితాలో ఈ ప్రాంతం చేరింది.

నాన్నమ్మ అంకెలు

ఆ సాయంత్రం మళ్లీ గట్టు మీద కాళ్ల తొట్టి దగ్గరే కూర్చున్నాం. పొద్దుటి నుంచి చూసినదంతా అమ్మకు తెలుగులో చెప్పాను. విని, “వీళ్లకు కొండ, మనకు గోదారి” అంది.

మాది భద్రాచలం. “నలభై మూడు, నలభై ఎనిమిది, యాభై మూడు” అంది అమ్మ, ఎక్కం చెప్పినట్టు. అవేంటి నాన్నమ్మా అన్నాడు అబ్బాయి. గోదావరి నీటిమట్టం 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. ఒడ్డునున్న ప్రతి ఇల్లాలికీ ఆ అంకెలు కంఠతా వచ్చు.

1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. నాకు అప్పుడు ఆరేళ్లు. నాన్న భుజాల మీద కూర్చుని చీకట్లో ఎక్కడికో వెళ్లడం లీలగా గుర్తు. మిగతాదంతా ఆ సాయంత్రమే విన్నాను. మా ఇంటిదాకా నీళ్లు ఎప్పుడూ రాలేదని నాన్న కదలనన్నాడట. పక్కింటి పెద్దావిడ తన చిన్నప్పుడు విన్న సంగతులు చెప్పి, “ఈసారి వాసన వేరుగా ఉంది, లేవండి” అని తలుపులు బాదిందట. బియ్యం మూట, నన్నూ తీసుకుని మెరక మీదికి వెళ్లారు. బీరువా, ఫొటోలు, పెళ్లిచీర అన్నీ గోదారికే.

“ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?” అన్నాను.

“నువ్వెప్పుడడిగావు?” అంది.

నిజమే. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు అమ్మ రోజుకు నాలుగు సార్లు ఫోను చేసి అంకెలు చెప్పేది. యాభై మూడు దాటిందిరా, అరవై దాటిందిరా అని. టీవీ చూసి ఊరికే కంగారు పడకమ్మా, మీటింగులో ఉన్నాను, తర్వాత చేస్తాను అనేవాడిని. అవి ఉత్త అంకెలనుకున్నాను. అమ్మ వెనకటి రాత్రిని మళ్లీ చూస్తోందని నాకు తట్టలేదు. గోదావరి అబద్ధమాడలేదు, అమ్మా ఆడలేదు. విననిది నేనే.

మా అమ్మాయి తన చిన్న నోటుపుస్తకం తీసి, నాన్నమ్మ చెబుతుంటే ఆ కథ తెలుగులో రాసుకుంది. గుణింతం తప్పులు చాలానే ఉన్నాయి. ‘వరద’ను ‘వరధ’ అని రాసింది. నేను దిద్దలేదు. మధ్యలో ఆపి, “మెరక అంటే ఏంటి నాన్నమ్మా?” అని అడిగింది. “నీళ్లు ఎక్కని ఎత్తు చోటు” అని చెప్పింది అమ్మ. ఆ మాట దాని పుస్తకంలో ఇప్పుడు గీత గీసి ఉంది.

వెళ్లాలనుకునే వారికి

సప్పోరో నుంచి తోయా స్టేషనుకు ఎక్స్‌ప్రెస్ రైలులో రెండు గంటల లోపే. స్టేషను నుంచి సరస్సు ఒడ్డుకు బస్సులో ఇరవై నిమిషాల దూరం. ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు చివరిదాకా ప్రతి రాత్రీ సరస్సు మీద బాణసంచా కాలుస్తారు. బిలాల పక్కనున్న కాలిబాటలు చలికాలంలో మూసేస్తారు, కాబట్టి వేసవిలో వెళ్లడమే మంచిది.

శాకాహారులు ముందే హోటలుకు చెప్పుకోవాలి. కూరగాయల పులుసులా కనిపించేదాంట్లో కూడా చాలావరకు ‘దాషి’ అనే చేపల చారు కలుస్తుంది. హోటలు వాళ్లిచ్చే యుకాటా అనే నూలు అంగీని ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోవాలి. కుడి అంచు పైకి వస్తే అది చనిపోయిన వాళ్లకు కట్టే తీరు. మా అబ్బాయి మొదటిరోజు అలాగే కట్టుకుని వస్తే, హోటలులో పనిచేసే ఒకావిడ పరుగున వచ్చి సరిచేసింది. ఒంటిమీద పచ్చబొట్టున్న వాళ్లను కొన్ని స్నానశాలల్లోకి రానివ్వరు, ముందే కనుక్కోండి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరునడిగి దిగడం మేలు. అలవాటు లేని వాళ్లు పది నిమిషాలకు మించి కూర్చోకండి.

జపానుకే వెళ్లనక్కర్లేదు. ఈ ఎండాకాలం అమ్మమ్మలు, తాతయ్యలు వచ్చినప్పుడు గానీ, ఫోనులో గానీ పిల్లలచేత మూడు ప్రశ్నలు అడిగించండి. మీ ఊరికి ఏ కష్టం వచ్చింది? అది ఎక్కడిదాకా వచ్చింది? అది వస్తోందని మీకెలా తెలిసింది? వాగు కావచ్చు, తుఫాను కావచ్చు, కరువు కావచ్చు. చెప్పేవాళ్లు తెలుగులోనే చెబుతారు, ఆ రాత్రి వాళ్లకు తెలుగులోనే జరిగింది కాబట్టి. వినడానికి మన పిల్లలకు ఆ భాష రావాలి. శనివారం పొద్దున నిద్ర లేవనని మారాం చేసే పిల్లలకు మా ఇంట్లో ఇప్పుడు చెప్పే కారణం అదొక్కటే.

మా ఇంటి వంటగది తలుపు చట్రం మీద పిల్లల ఎత్తు గీతలున్నాయి, తేదీలతో సహా. వచ్చిన వారానికి అబ్బాయి వాటి పక్కన ఇంకో మూడు గీతలు గీశాడు: 43, 48, 53. ఎందుకురా అంటే, “నాన్నమ్మ మర్చిపోతే నేను చెప్పాలి కదా” అన్నాడు.